ఆరో పేజీ దగ్గర ఆగిన పుస్తకం

సరస్సు నీళ్లలో నిట్రాళ్ల మీద నిలబడ్డ తోవెజి ఊళ్లో ఆ రోజుల్లో బడికి గంట ఉండేది కాదు. పొద్దున్నే చేపల పొయ్యిల పొగ నీళ్ల మీద మోకాలెత్తున పరుచుకునేది. ఆ పొగను చీల్చుకుంటూ పిల్లల పడవలు ఒక్కొక్కటే బడి వైపు వచ్చేవి. సెతోంజి మాస్టారు నిచ్చెన పైమెట్టు మీద నిలబడి వచ్చిన వాళ్లను వచ్చినట్టు పేరు పెట్టి పిలిచేవారు. ఆఖరి పడవను నిట్రాడికి కట్టేస్తే బడి మొదలైనట్టే.

"ఒరేయ్, తెడ్డుతో దాని నెత్తి మీద కొట్టకు! నీళ్లు ఎటు ఉన్నాయో తెలీదా నీకు?"

"అదే ముందు కొట్టింది మాస్టారూ."

"అది కొట్టింది కాబట్టి దానికి బుద్ధి లేదు. నువ్వూ కొడితే లేనివాళ్లు ఇద్దరవుతారు. ఎక్కండి పైకి."

బడి అంటే వెదురుబద్దల నేల, రెల్లు కప్పు, మూడు బెంచీలు. ప్రభుత్వం వాళ్లు పంపిన పుస్తకాలు కూడా మూడే. ఒకదాంట్లో మంచు కురుస్తుంది, ఒకదాంట్లో రైలు పోతుంది, మూడోదాంట్లో ద్రాక్షతోట. "ద్రాక్షపళ్లంటే ఎలా ఉంటాయి మాస్టారూ?" అని పిల్లలు అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, "తియ్యగా ఉండే చేపగుడ్లు అనుకోండి" అన్నారు. ఆ సాయంత్రమే ఆయనకు తన మీద తనకే సిగ్గేసి, సొంతంగా బొమ్మల పుస్తకం వేయడం మొదలుపెట్టారని చెప్పుకుంటారు.

సిమెంటు సంచులు విప్పి, ఉతికి, ఎండబెట్టి, కాగితం సాపు చేశారు. బొగ్గుతో గీతలు గీసి, ఒడ్డు మీంచి తెచ్చిన ఎర్రమట్టి, నీలిమందు రంగులుగా వేశారు. బొమ్మల కింద కథ రాసి, వలతాడుతో కుట్టారు. పన్నెండు పేజీలు. మొదటి పేజీలో ఒడ్డు మీద ఊరు, జొన్నచేలు, మేకలు. రెండో పేజీలో మనుషుల్ని పట్టుకుపోవడానికి వచ్చిన రాజుగారి గుర్రాలు. మూడో పేజీ నుంచి తాడు. మనుషుల్ని మెడకీ మెడకీ కలిపి కట్టిన తాడు ఒక పేజీ అంచు దాటి ఇంకో పేజీలోకి సాగుతూ ఉంటుంది. ఎనిమిదో పేజీలో రెల్లుపొదలు, తొమ్మిదిలో నీళ్లు. గుర్రాలు దిగలేని నీళ్లు. పన్నెండో పేజీలో మొదటి నిట్రాడు, దాని మీద మొదటి ఇల్లు, ఆ ఇంటి గుమ్మంలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న ఒక ముసలాయన.

ఆ పుస్తకం బరువు పెరిగేది.

మొదటి పేజీ చదివేటప్పుడు ఆరేళ్ల పిల్ల ఒక్కతే ఒళ్లో పెట్టుకోగలిగేది. మూడో పేజీకి పక్కవాడు ఓ చెయ్యి వేయాల్సి వచ్చేది. అయిదో పేజీకి బెంచీ మీద నలుగురు దగ్గరగా జరిగి మోకాళ్లు ఆనించేవాళ్లు, వెదురు నేల కిర్రుమనేది. ఏడో పేజీకి మాస్టారు కూడా వచ్చి అడుగున అరచేతులు పెట్టేవారు. పుస్తకంలో ఎంతమంది తాడుకి ఉన్నారో అంతమంది బరువు. రెల్లుపొదల పేజీ తిప్పగానే అది కొంచెం కొంచెంగా తేలికపడి, నీళ్ల పేజీ వచ్చేసరికి బడిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలేవాళ్లు. చివరి పేజీ దగ్గర గాలికి అట్ట లేచిపోకుండా వేలితో పట్టుకోవాల్సి వచ్చేది.

ఊళ్లో పెద్దవాళ్లకు మొదట్లో ఇది నచ్చలేదు. బరువు గురించి కాదు, బొమ్మల గురించి. పడవలు నడిపే కక్పో ఓ రోజు బడి కిందే పడవ ఆపి గట్టిగా అడిగాడు. "పాలపళ్లు ఊడని పిల్లలు మాస్టారూ! వాళ్లకి తాళ్లూ, కట్టేయడాలూ ఎందుకు? చేపలేయండి. కొంగలేయండి."

"వేశానుగా, పదకొండో పేజీలో కొంగ ఉంది."

"అది సరే, ఆ తాడు..."

"తాడు వేయకపోతే, తాడు విప్పుకున్న సంగతి ఏ పేజీలో వేయను కక్పో?"

కక్పో గడకర్ర మీద గడ్డం ఆనించి, "నా బొమ్మ కూడా ఎక్కడో ఒకచోట వేసెయ్యండి, పడవ నడుపుతున్నట్టు" అని వెళ్లిపోయాడు.

ఒకే ఒక్క నియమం ఉండేది ఆ పుస్తకానికి. మధ్యలో ఆపకూడదు. ఆపితే పుస్తకం బరువు చదివేవాళ్ల ఒంట్లోకి వచ్చేస్తుంది. ఎవరు ఆపారో వాళ్లే వచ్చి మిగతాది చెప్పేదాకా దిగదు. దీన్ని కనిపెట్టింది కూడా కక్పోయే. వల చిరిగిందని కొడుకును నాలుగో పేజీ దగ్గర లేపుకుపోయాడు. ఆ కుర్రాడు ఇంటి నిచ్చెన మీద కాలు పెట్టగానే మెట్టు విరిగింది, రెండోదీ విరిగింది. చదువు రాని కక్పో బడికొచ్చి, చెమటలు కక్కుకుంటూ, మిగతా ఎనిమిది పేజీల బొమ్మలూ చూసి తోచిన కథ చెప్పాడు. ఆయన కథలో గుర్రాలకు అజీర్తి చేసింది. అయినా బరువు దిగింది. అప్పటినుంచి బడిలో పుస్తకం తెరిస్తే వీధిలో పోయే పడవలు కూడా కేకలు తగ్గించి పోయేవి.

ఫిఫామెకు ఆ ఏడు పదేళ్లు. అందరికంటే బాగా చదివేది. తల్లి పోయాక అమ్మమ్మ ఆగొసీ పెంచుతోంది. ఆగొసీ అవ్వ పొగబెట్టిన చేపంటే ఒడ్డు మీది బజార్లలో కూడా పేరు చెప్పి కొనేవాళ్లు. అయితే ఆ రెండేళ్లూ సరస్సులో కొమ్మలు పాతి కట్టుకున్న చేపల దొడ్లు పాడయ్యాయి, చేప తగ్గింది. అవ్వకు కళ్లల్లో పొగ చేరి చూపు కూడా తగ్గింది.

అలాంటప్పుడు పట్నం నుంచి క్లోతిల్డ్ వచ్చింది. వరసకు ఆగొసీ చెల్లెలి తోడికోడలి కూతురు. చేతిసంచిలో రొట్టె, సార్డీన్ చేపల డబ్బాలు, ఫిఫామెకు పువ్వుల గౌను తెచ్చింది. మంచిగా మాట్లాడుతుంది. పొయ్యి దగ్గర కూర్చుని ఆగొసీ వీపు మీద చెయ్యి వేసి మరీ అడిగింది.

"పిన్నీ, నాకు నలుగురు పిల్లలు. కొట్టు చూసుకోవాలి. ఈ పిల్లని నాతో పంపు. నా పిల్లల్లో ఒకత్తి అవుతుంది."

"బడికి పంపుతావా?"

"ఎందుకు పంపనూ! ముందు ఇంటి పద్ధతులు అలవాటు కానీ."

తోవెజిలో పిల్లని చుట్టాలింటికి పంపడం తప్పు కాదు. అందరూ పంపేవాళ్లే. ఒకింటి పిల్ల ఇంకో ఇంట్లో పెరిగితే రెండిళ్లకూ తలుపు ఒకటే అని పెద్దల మాట. ఆగొసీ కూడా మేనత్త ఇంట్లో పెరిగిందే. చేపకు పొగబెట్టే విద్య అక్కడే నేర్చుకున్నానని ఎప్పుడూ చెబుతుంది. అందుకని సరేనంది. శుక్రవారం బజారు పడవలో పంపిస్తానని మాట ఇచ్చింది.

ఆ సాయంత్రం సెతోంజి మాస్టారు తన చిన్న దోనె వేసుకుని ఆగొసీ ఇంటికి వచ్చారు. అవ్వ ఆకులో చుట్టిన మొక్కజొన్న ముద్ద, రెండు వేయించిన చేపలు ముందు పెట్టింది. తినడం అయ్యాక ఆయన మాట మొదలుపెట్టారు.

"అవ్వా, పిల్ల బాగా చదువుతోంది. ఇంకో రెండేళ్లుంటే పరీక్ష రాయిస్తాను."

"రెండేళ్లకి నా కళ్లు ఉంటాయా నాయనా? నువ్వు దానికి అక్షరాలు పెట్టావు, సంతోషం. అన్నం ఎవరు పెడతారు?"

"పోయినేడు హున్సా వాళ్ల పిల్లా ఇలాగే పట్నం వెళ్లింది. పండక్కి రాలేదు."

"రాకపోతే బాగుందన్నమాట. బాగోకపోతే రాదూ?"

మాస్టారు చేయి కడుక్కున్నారు. ఓపికగల మనిషి. పాఠం ఒకసారికి ఎక్కకపోతే రెండోసారి చెబుతారు, రెండోసారికి ఎక్కకపోతే మర్నాడు చెబుతారు. అయితే ఇక్కడ మర్నాడు ఒక్కటే మిగిలింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడ్డ ఫిఫామెతో, "రేపు గురువారం. పుస్తకం నీ వంతు. గుర్తుందిగా?" అన్నారు. పిల్ల తలూపింది.

గురువారం పొద్దున ఫిఫామె పువ్వుల గౌను వేసుకుని బడికొచ్చింది. పిల్లలందరూ ఆ గౌనును ఒక్కొక్కరే పట్టుకు చూశారు. తర్వాత పుస్తకం తెరిచారు. ఆ పిల్ల చదువుతుంటే గొంతు ఎక్కడా తడబడేది కాదు. గుర్రాల పేజీ దగ్గర చిన్నపిల్లలు కాళ్లు పైకి లాక్కున్నారు. తాడు పేజీ వచ్చింది. ఇద్దరు, ముగ్గురు, అయిదుగురు దగ్గరగా జరిగారు. ఆరో పేజీ తిప్పింది.

"ఫిఫామే! ఒసే ఫిఫామే!"

కిందనుంచి ఆగొసీ అవ్వ కేక. బడి నిట్రాడి పక్కనే కక్పో పెద్ద పడవ ఆగి ఉంది. పడవలో బుట్టలు, బుట్టల మధ్య క్లోతిల్డ్, ముందు భాగంలో మూట పట్టుకుని అవ్వ. పట్నంలో పని పడిందట, క్లోతిల్డ్ ఒకరోజు ముందే బయల్దేరింది.

పిల్లలు ఒక్కసారిగా అరిచారు. "అవ్వా, ఆరో పేజీ! ఆరో పేజీలో ఉంది!"

"ఏ పేజీ అయితే ఏంటే! గాలి తిరిగితే ఒడ్డు చేరలేం. దిగు!"

కక్పో గడకర్ర నీళ్లలో దించి, "ఆగొసక్కా, ఒక్క నిమిషం ఆగితే..." అన్నాడు.

"నువ్వు పడవ చూసుకో, పేజీలు నాకు చెప్పకు."

ఫిఫామె మాస్టారి వైపు చూసింది. పెద్దవాళ్లు పిలిస్తే వెళ్లాలని నేర్పింది ఆయనే. పిల్ల పుస్తకం బెంచీ మీద పెట్టి నిచ్చెన దిగింది. ప్రతి మెట్టూ మూలిగింది. పడవలో కాలు పెట్టింది.

పడవ నీళ్లలోకి దిగిపోయింది. నాలుగు వేళ్లెత్తు ఉన్న అంచు ఒక్క వేలికి వచ్చింది. ఒక చిన్న అల లోపలికి దూకి క్లోతిల్డ్ చెప్పులు తడిపింది.

"బుట్టలు దించండి!" అంది క్లోతిల్డ్.

బుట్టలు బడి అరుగు మీదికి చేర్చారు. పడవ లేవలేదు. యాముదుంపల బస్తా దించారు. లేవలేదు. కక్పో క్లోతిల్డ్ వంక మొహమాటంగా చూశాడు. ఆవిడ గౌను కుచ్చిళ్లు పైకి పట్టుకుని తనే నిచ్చెన ఎక్కింది. పైన పిల్లలు మర్యాదగా బెంచీ ఖాళీ చేశారు. పడవ అంచు అదే ఒక్క వేలు దగ్గర ఉంది.

"చెప్పానా మరి," అన్నాడు కక్పో.

"పట్నంలో పుస్తకాలు ఇంత ఇబ్బంది పెట్టవు," అంది క్లోతిల్డ్, చెప్పులు విదిలించుకుంటూ. "ఎవరో ఒకరు చదివి ముగించండి. మాస్టారూ, మీరే కానివ్వండి."

"నేను ఆపలేదమ్మా. అవ్వ ఆపింది. అవ్వే ముగించాలి."

ఫిఫామెను మెల్లిగా మళ్లీ పైకి ఎక్కించారు. నేల మధ్యలో నిలబెడితే వెదురు గిన్నెలా వంగింది. ఆ వెనకే ఆగొసీ, మోకాళ్లు పట్టుకుని, కక్పోను తిడుతూ, జీవితంలో మొదటిసారి బడి ఎక్కింది. పొట్టి బెంచీ మీద కూర్చుంటే మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఒక బుడతడు నవ్వాడు. అవ్వ ఒక్క చూపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"నాకు అక్షరం ముక్క రాదు."

"బొమ్మ చెప్పు అవ్వా," అన్నారు మాస్టారు. "అక్షరాలు బొమ్మ వెనకాల నడుస్తాయి."

పుస్తకం ఒళ్లో పెట్టారు. మొహం కాగితానికి ఆనేంత దగ్గరగా పెట్టి చూసింది. ఆరో పేజీలో ఎత్తైన గడ్డి, గడ్డిలో తాడు, తాడుకు వరసగా మనుషులు. అందరికంటే వెనక ఒక చిన్నపిల్ల, నెత్తిన మూట.

"దీని మెడకి తాడు లేదే?"

"లేదు అవ్వా."

"మరి ఎందుకు వెళ్తోంది వాళ్ల వెనకాల?"

ముందు వరసలోని బుడతడు చెప్పాడు. "ఇంకెక్కడికి పోతుంది అవ్వా?"

ఆగొసీ ఆ బొమ్మ మీద వేలు పెట్టింది. గాలి తిరుగుతోందని కక్పో కింద నుంచి రెండుసార్లు దగ్గాడు.

"దీనికి చెప్పారు," అంది అవ్వ చివరికి. "రెండు వానాకాలాలే, వచ్చేద్దువు అని. మేనత్తేగా, పరాయిదా అని. ఆ మూటలో ఒక గుడ్డ, ఒక సొరకాయ బుర్ర. అంతే."

"మాస్టారు ఇలా చెప్పలేదు," అంది ఒక పిల్ల.

"ష్, విను," అన్నారు మాస్టారు.

అవ్వ పేజీ తిప్పింది. ఏడో పేజీలో పొడుగాటి ఇల్లు, కిటికీలు లేని గోడ. "ఇది పెద్దిల్లు. అందరికంటే ముందు లేవాలి. అందరూ పడుకున్నాక పడుకోవాలి. ఇంటికొచ్చిన వాళ్లందరితో మా పిల్లే, మా పిల్లే అంటారు. మా పిల్లకి కుండ అడుగున మాడింది పెడతారు. పొగలో కూర్చోబెడతారు. పొగ దగ్గర మాత్రం ఎవరూ తిట్టరు, ఎవరూ రారు కాబట్టి. అందుకే అక్కడే కూర్చుంది. అందుకే ఆ విద్య అంత బాగా వచ్చింది."

"ఎన్ని వానాకాలాలు అవ్వా?" అని అడిగింది ఫిఫామె, వంగిన నేల మధ్యలోంచి.

"తొమ్మిది."

క్లోతిల్డ్ బుట్ట మీద కూర్చుని విసుక్కుంది. "పిన్నీ, త్వరగా కానీ. ముందు తెచ్చుకున్న పిల్లతోనూ ఇలాగే, ప్రతిదానికీ ఆలస్యమే. చివరికి ఒకనాడు తెల్లారేసరికి చెప్పాపెట్టకుండా పోయింది."

ఆగొసీ తల ఎత్తలేదు. "ఎక్కడికి పోయింది?"

"ఎవరికి తెలుసు? గౌను కూడా వదిలేసి పోయింది."

పిల్లలందరూ ఫిఫామె ఒంటి మీది పువ్వుల గౌను వైపు చూశారు. అవ్వ ఎనిమిదో పేజీ తిప్పింది. రెల్లుపొదలు.

"నీళ్లకి పంపారు దీన్ని," అంది. ఇప్పుడు గొంతు నెమ్మదైంది, పొయ్యి దగ్గర మాట్లాడినట్టు. "రేవులో ఒక పాత పడవ ఉంది. తెడ్డు లేదు. చేతిలో సొరకాయ బుర్ర ఉంది. దాంతోనే తోసింది. ఒకవైపే తోస్తే పడవ గుండ్రంగా తిరుగుతుంది. కాసేపు ఇటు, కాసేపు అటు. మధ్యాహ్నం దాకా తోసింది. వెనక్కి చూస్తే మేనత్త ఒడ్డున నిలబడి పిలుస్తోంది, మా పిల్లా, మా పిల్లా అని. ఆవిడ గొంతు మంచిదే. పిలిచిన తీరూ మంచిదే. ఇది మాత్రం తోస్తూనే ఉంది."

నేల కొద్దిగా లేచింది. వెదురుబద్దలు టక్కుమని ఒకటి తర్వాత ఒకటి సర్దుకున్నాయి. తొమ్మిదో పేజీ, పది, పదకొండులో కొంగ. పన్నెండో పేజీకి వచ్చేసరికి ఫిఫామె మునివేళ్ల మీద నిలబడి ఉంది, కావాలని కాదు.

అవ్వ అట్ట మూసింది. తన రెండు అరచేతులూ చూసుకుంది.

"హమ్మయ్య," అంది క్లోతిల్డ్ లేచి. "ఇక ఎక్కించండి."

బుట్టలు దిగాయి, బస్తా దిగింది, క్లోతిల్డ్ దిగింది. పడవకు ఇప్పుడు ఏ అడ్డూ లేదు. ఫిఫామె నిచ్చెన దగ్గరికి నడిచింది. చెప్పిన మాట వినే పిల్ల. ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"ఎక్కనా అవ్వా?"

మాస్టారు పలక తుడుస్తున్నారు. తుడిచిన పలకనే మళ్లీ తుడుస్తున్నారు.

"గౌను విప్పు," అంది ఆగొసీ. "కిందది నీ పాత గుడ్డేగా? విప్పి ఆవిడకిచ్చేయ్."

క్లోతిల్డ్ పడవలోంచి మొహం ఎత్తింది. "పిన్నీ! మాట ఇచ్చావు."

"ఇచ్చానే తల్లీ. ఆరో పేజీ దాకా ఇచ్చాను. చేపలకి వస్తూ ఉండు. అన్నం తినిపోతూ ఉండు. పిల్ల రాదు."

"దాన్ని ఎలా పెంచుతావు ఈ కళ్లతో?"

"దానికి కళ్లున్నాయి. నాకు చేతులున్నాయి. ఇద్దరం కలిస్తే ఒక మనిషవుతాం."

కక్పో ఇంకెవరూ ఏమీ అనేలోపు గడకర్ర వేసి పడవను తోసేశాడు. అంత తొందరగా ఆయన పడవ తియ్యడం తోవెజిలో ఎవరూ చూడలేదు.

ఇదంతా జరిగి ముప్పై ఏళ్లు దాటింది. బడికి ఇప్పుడు సిమెంటు స్తంభాలున్నాయి, రంగురంగుల పుస్తకాలు పెట్టెలు పెట్టెలుగా వస్తాయి. ఒకటీ బరువు పెరగదు. ఆ పాత పుస్తకం చదివిన వాళ్లు ఎక్కడ కలిసినా, నువ్వు ఏ పేజీకి చెయ్యి వేసేవాడివి అని అడిగి నవ్వుకుంటారు. ఫిఫామెను అడిగితే మాత్రం పుస్తకం సంగతి చెప్పదు. ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లిన సంగతి చెబుతుంది.

అవ్వ కక్పో పడవలో, ఫిఫామె పక్కింటి పిల్లల పడవలో వచ్చారు కాబట్టి వెళ్లడానికి పడవ లేదు. మాస్టారి దోనె అడిగి తీసుకున్నారు. అవ్వ ముందు కూర్చుంది, ఫిఫామె వెనక నిలబడి తెడ్డు వేసింది. దారి పొడుగునా అవ్వ వెనక్కి తిరగకుండానే తిట్టింది.

"నీళ్లు చిందించకే, ఒళ్లంతా తడిపేశావు! అంత వంకరగానా తెడ్డు వేసేది? ఎవరు నేర్పారే నీకు? పొయ్యి ఆరిపోయుంటుంది. పొద్దుటి చేపలు పాడైపోతాయి. వెళ్లగానే కట్టెలు విరువు, తర్వాత పుస్తకం తెచ్చి చదువు. గట్టిగా చదువు, నాకు వినపడాలి. వింటున్నావా, నిద్రపోతున్నావా?"

"వింటున్నా అవ్వా," అంది ఫిఫామె. ఇల్లు వచ్చేసినా, ఇంకొంచెం వినాలని, దోనెను చుట్టూ తిప్పి తీసుకెళ్లింది.